నాలుక కింద కుట్ర

"ఈ ఊళ్లో నేరం నిద్రపోతోందంటే కారణం ఒక్కటే. నేను మేలుకుని ఉండటం."

ఈ మాట అంటున్నప్పుడు భూతద్దం కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక అతని కళ్లజోళ్ల షాపులో నేరం సంగతి దేవుడెరుగు, బేరాలు కూడా నిద్రపోతాయి. అద్దాలమ్ముకునేవాడికి డిటెక్టివు పిచ్చి పట్టిందని ఊరంతా కలిసి ఎగతాళికి పెట్టిన పేరది. అతను దాన్ని బిరుదనుకుని షాపు బోర్డు మీద రాయించుకున్నాడు. పక్కనున్న జిరాక్సు షాపు నాది. ఆ పాపానికి నేను అతని అసిస్టెంటునయ్యాను.

"జనం కంటితో చూస్తారు జిరాక్సూ. నేను అనుమానంతో చూస్తాను. కంటికి పవర్ మారుతుంది, అనుమానానికి మారదు."

"నిజమే గురూ, అద్దాలు కూడా అక్కర్లేదు," అన్నాను.

అంతలో డ్రిల్లు మాస్టారి భార్య కళ్లజోడు కాడ ఊడిపోయిందని వచ్చింది. ఈ మాస్టారు ఒకప్పుడు బడిపిల్లలందరిచేతా గుంజీలు తీయించినవాడు. రిటైరయ్యాక కూడా ఛాతీ విరుచుకునే నడిచేవాడు. ఇప్పుడు మెట్లెక్కితే అదే ఛాతీ పట్టేస్తోంది. డాక్టర్లు యాంజైనా అన్నారు. గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టాలు సన్నబడిపోతే, పని ఎక్కువైనప్పుడల్లా గుండె నొప్పి రూపంలో మొరపెట్టుకుంటుందన్నమాట.

"ఇన్నాళ్లూ మందులు బాగానే పనిచేశాయి బాబూ," అంది పెద్దావిడ. "ఈమధ్య నొప్పి వచ్చిందని నాలుక కింద మాత్ర పెడితే, నొప్పి తగ్గడం అలా ఉంచి మనిషే కుప్పకూలిపోయాడు. మొన్న మళ్లీ అంతే."

"మాత్ర ఎవరు పెట్టారు?"

"మా కోడలే. మందులన్నీ అదే చూసుకుంటుంది."

భూతద్దం కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. "మీ కోడలు ఏం చేస్తుంటుంది?"

"ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది."

"కుట్టు, కుట్ర. ఒత్తు తేడా, అంతే," అని అతను గొంతు తగ్గించాడు. "పిన్నిగారూ, మీ ఆయన నాలుక కింద ఉన్నది మాత్ర కాదు."

పాపం ఆవిడ కాడ బిగించుకుపోదామని వచ్చింది. అతను అనుమానం బిగించి పంపించాడు. కాడ అలాగే ఊగుతూ ఉంది.

మర్నాడు మాస్టారింటికి వెళ్లాం. కోడలు మిషన్ ఆపి, మందుల పెట్టె తెచ్చి మా ముందు పెట్టింది. భూతద్దం ముదురు గోధుమరంగు సీసా ఒకటి పైకెత్తి వెలుతురులో తిప్పాడు.

"ఈ సీసాలోకి చూపు ఎందుకు దూరడం లేదు?"

"వెలుతురు తగిలితే మందు పాడైపోతుందండి. అందుకే ఆ రంగు సీసా."

"వెలుగు చూడకూడనిది నేరం ఒక్కటే. రాసుకో జిరాక్సూ. సరే, అందరిలా మింగించకుండా నాలుక కింద పెట్టడమెందుకు?"

"మింగితే లివరే దాన్ని చాలావరకు కరిగించేస్తుంది. నాలుక కింద పెడితే నేరుగా రక్తంలో కలిసి వెంటనే పనిచేస్తుంది."

"అంటే లివరు కళ్లుగప్పి దొడ్డిదారిన పంపిస్తున్నావన్నమాట."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను కుట్టుమిషన్‌ వైపు చూశాను.

భూతద్దం సీసా మీది చిన్న అక్షరాలను అద్దంతో చదివి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "నైట్రోగ్లిజరిన్. కొండలు పేల్చే సరుకు. పిన్నిగారూ, మీ ఆయన నోట్లో బాంబు పెడుతున్నారు."

"అదీ ఇదీ ఒకటేనండి, కానీ మాత్రలో ఉండేది రవ్వంత," అంది కోడలు ఓపిగ్గా. "అది పేలదు. రక్తం గొట్టాలను వదులు చేస్తుంది. గుండె మీద బరువు తగ్గుతుంది."

ఓపిక ఉన్నవాళ్లంటే భూతద్దానికి మొదటినుంచీ పడదు. మంచం మీదున్న మాస్టారి చెయ్యి లాక్కుని నాడి పట్టాడు. "ఇదేమిటి, ఇంత నెమ్మదిగా కొట్టుకుంటోంది?"

"పొద్దున వేసుకునే మాత్ర పని అదే. గుండె పరుగు తగ్గిస్తే దానికి తక్కువ రక్తం సరిపోతుంది."

"ఆ మాత్ర మొదలెట్టినప్పటినుంచీ ఒంట్లో ఊపు లేదయ్యా," అని గొణిగారు మాస్టారు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

"నాడి స్లో," అన్నాడు భూతద్దం వేలు పైకెత్తి. "మాత్ర పాయిజన్. రెండూ కలిపి చదవండి."

"స్లో పాయిజనా," అంటూ పెద్దావిడ గోడకి చేరగిలబడింది.

నవ్వొచ్చే సంగతే. కానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆ రోజునుంచి సీసా పెద్దావిడ బీరువాలోకి వెళ్లింది. కోడల్ని మామగారి గదిలో అడుగు పెట్టనివ్వలేదు. ఆమె కాఫీ కలిపితే ముందు ఆమెనే తాగమన్నారు. వేరే ఊళ్లో డ్యూటీలో ఉన్న మొగుడు ఫోన్లో, "అమ్మ చెప్పినట్టు విను," అని పెట్టేశాడు. ఆదివారం భూతద్దం తుది విచారణ జరుపుతాడని, అది కాగానే కోడల్ని పుట్టింటికి పంపి పోలీసులకు చెబుతారని తేలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గురూ, ఒక్కసారి డాక్టర్ని అడిగితే తేలిపోతుంది కదా?"

"డాక్టర్ని అడిగి తెలుసుకునేవాడు రోగి. అడక్కుండా తెలుసుకునేవాడు డిటెక్టివు," అన్నాడు.

ఆదివారం అందరం ముందుగదిలో చేరాం. చప్పట్లు కొట్టడానికి మనిషి కావాలని అతను భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంది. కోడలు సగం కుట్టిన జాకెట్టు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

"ఈ గదిలో ఒక హంతకురాలు ఉంది," అని మొదలుపెట్టాడు భూతద్దం.

"ఎవరూ చావలేదు కదండీ," అంది అతని భార్య.

"అది నా ముందుచూపు."

ఆ ముందుచూపు గురించి అతనింకా చెబుతుండగానే మాస్టారు గుండె పట్టుకున్నారు. ముఖమంతా చెమట పట్టింది. కోడలు ఒక్క ఉదుటున లేచి, "అత్తయ్యా, సీసా తియ్యండి, తొందరగా," అంది. పెద్దావిడ బీరువా తెరిచి సీసా తీసింది గానీ, కోడలికి ఇవ్వాలో వద్దో తేలక భూతద్దం ముఖం చూసింది. అతను సీసా లాక్కున్నాడు.

"ఆగండి. ఇది విషమని రుజువు చేస్తాను. సత్యాన్వేషణకు ఈ నాలుక అంకితం."

మాత్ర తన నాలుక కింద పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చూస్తున్నారుగా. చురుక్కుమంటోంది. ముఖం వేడెక్కుతోంది. తల..." తల సంగతి చెప్పకుండానే వెనక్కి విరుచుకుని కుట్టాల్సిన బట్టల గుట్టలో పడ్డాడు.

"చూశారా, ఎంత పని చేసిందో," అని పెద్దావిడ కోడలి వైపు చెయ్యి చూపించింది.

కోడలు భూతద్దం కాళ్లు రెండూ ఎత్తి స్టూలు మీద పెట్టింది. మాత్ర సంగతేమిటో తేలేదాకా మళ్లీ సీసా ముట్టుకోకుండా, మామగార్ని కుర్చీలో జారగిలబడేలా కూర్చోబెట్టింది. నన్ను అంబులెన్సుకి ఫోన్ చెయ్యమంది. నేనింకా నోరు తెరుచుకుని నిలబడ్డానని గుర్తుచేసింది కూడా ఆమే.

ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు దొరికాయి. మాస్టారికి దారిలోనే నొప్పి తగ్గింది. భూతద్దానికి మాత్రం బీపీ నేలను తాకి, సెలైను పెట్టాక గానీ పైకి రాలేదు. గుండె డాక్టరు సీసా చూసి పక్కన పెట్టింది.

"మాత్ర మంచిదే. మామూలు మనిషి వేసుకుంటే తలనొప్పి రావచ్చు, కాస్త కళ్లు తిరగవచ్చు. ఇలా పడిపోవడం వింతగా ఉంది. మగతనానికి బలం మందులేమైనా వాడుతున్నారా?"

"నేనా? నాకేం ఖర్మ," అన్నాడు భూతద్దం నీరసంగా.

ఆసుపత్రివాళ్లు అడిగిన ఆధార్ కార్డు కోసం అతని డిటెక్టివు సంచీ వెతుకుతున్న భార్య ఒక చిన్న డబ్బా బయటికి తీసింది. "ఏమండీ, ఇది వేలిముద్రల పొడి అన్నారు కదా. డబ్బా మీద మగవాళ్ల బలానికని రాసుందేమిటి?"

డాక్టరు డబ్బా తీసుకుని చదివింది. "అచ్చమైన వేర్ల పొడి అని రాస్తారు. లోపల ఇంగ్లీషు మాత్ర నూరి కలుపుతారు. అదీ రక్తం గొట్టాలను వదులు చేసేదే. దానికి ఈ గుండె మాత్ర తోడైతే రెండూ కలిసి గేట్లు బార్లా తీసేస్తాయి. బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు."

పక్క మంచం మీదనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "డాక్టరుగారూ, ఆ గుర్రం బొమ్మ పొడి వేసుకున్న రోజైతేనే ప్రమాదమా, మర్నాడు కూడానా?"

పెద్దావిడ గిరుక్కున అటు తిరిగింది.

"మీకు కనబడుతున్నది డబ్బా వెనకవైపు," అంది పెద్దావిడ మెల్లిగా. "ముందు గుర్రం ఉందని మీకెలా తెలుసు?"

నా ఎరుకలో ఈ కేసు మొత్తంలో జరిగిన అపరాధ పరిశోధన ఇదొక్కటే. మాస్టారు నోరు విప్పక తప్పలేదు. పొద్దుటి మాత్రతో ఒంట్లో ఊపు పోయిందని, బస్టాండు దగ్గర దొరికితే తెచ్చుకుని దిండు కింద దాచానని, అప్పుడప్పుడూ చెంచాడు వేసుకున్నానని, ఇవాళ కూడా వేసుకున్నానని ఒప్పుకున్నారు.

"ఇవాళ కూడానా? అయితే ఆ మాత్ర మీ నోట్లో పడకపోవడం మీ అదృష్టం," అంది డాక్టరు. "ఊపు తగ్గితే నాకు చెప్పాలి, మందు మారుస్తాను. ఇకమీదట ఈ పొడి ముట్టుకోకూడదు. మాత్ర పెట్టేముందు ఇంట్లోవాళ్లు ప్రతిసారీ అడిగి మరీ పెట్టాలి. వేసుకున్నానంటే మాత్ర పెట్టకుండా ఇక్కడికి తీసుకురండి."

భూతద్దం మోచేతి మీద లేవబోయాడు. "విన్నావా జిరాక్సూ. నేను అడ్డుపడి మాస్టారి ప్రాణం కాపాడాను. కేసు ఛేదించాను."

"మీరు పడుకోండి," అంది అతని భార్య. "ఇంటికెళ్లాక నా విచారణ ఉంది."

పెద్దావిడ కాసేపు కొంగుతో చేతులు తుడుచుకుని కోడలి దగ్గరికి వచ్చింది. "పోనీలేవే. అంతా ఆ కళ్లజోళ్లబ్బాయి నిర్వాకం."

"ఆయనకి నేనెవరో తెలియదు అత్తయ్యా," అంది కోడలు. "మీరు ఇన్నేళ్లుగా నా చేతి అన్నం తిన్నారు. ఆయన ఒక్క మాట అనగానే నా కాఫీ నన్నే తాగి చూపించమన్నారు."

ఆమె ఆ మాట అనేసినందుకు నాకు సంతోషమేసింది. చివరికి పెద్దావిడ సీసా తీసి కోడలి చేతిలో పెట్టింది. "ఎప్పట్లా నువ్వే చూసుకో."

"చూసుకుంటాను. కానీ పొడి వేసుకున్నారా అని మామయ్యని అడగాలట. కోడలు అడగాల్సిన మాట కాదు కదా అది. మీరే అడగండి. అందరికీ వినపడేలా అడగండి అత్తయ్యా, రేపు మళ్లీ నా మీదికి రాకుండా."

మాస్టారు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు. పెద్దావిడ ఆ దుప్పటి వైపు చూసి గొంతు సవరించుకుంది.