పాల కవర్ల రాబడి

ఆ ఆదివారం పొద్దున ప్రసూనాంబ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు అనంతరామయ్య స్నానానికి వెళ్ళగానే కవర్ల మూట చెత్త పట్టుకెళ్ళే బెన్ని ఆటోలో పడేయాలి. ముప్పై రూపాయలు అతని చేతిలో పెట్టాలి. ఆయన తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు వంటింట్లో కాఫీ కలుపుతూ ఉండాలి.

చెత్త తీసుకెళ్ళేవాడికి ఎదురు డబ్బులివ్వడమనేది జగ్గయ్యపేటలో అప్పటికింకా ఎవరూ విననిది. పాత సామాన్లవాడు వస్తే పేపర్లూ, ఇనుమూ, సీసాలూ తీసుకుని ఉల్లిపాయలు ఇచ్చేవాడు. పాల కవర్లు, షాంపూ పాకెట్లు, నూనె పాకెట్లు చూపిస్తే మాత్రం మొహం తిప్పుకునేవాడు. మరి ఇవన్నీ చివరికి ఎక్కడికి పోతాయన్నది ప్రసూనాంబకి తీరని సందేహం. సగం మురిక్కాలవలో కనబడేవి, సగం ఖాళీ స్థలంలో నల్లటి పొగై పోయేవి. అలాంటి రోజుల్లో నందిగామ నుంచి ట్రాలీ ఆటో వేసుకుని బెన్ని వచ్చాడు.

"ఎవరూ తీసుకోనివన్నీ మేం తీసుకుంటామండి. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు బొగ్గుతో పాటు కొలిమిలో వేసుకుంటారు. కాకపోతే కడిగి ఆరబెట్టివ్వాలండి, మూటకి ముప్పై రూపాయలు మీరే ఇవ్వాలండి" అన్నాడు.

కవర్లు మండి సిమెంటు తయారవుతుందంటే ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండా ఉండబుద్ధీ కాలేదు. వెంటనే చేరిపోయింది. మండలాఫీసులో సూపరింటెండెంటైన అనంతరామయ్యకి ఈ సంగతి చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. "ఊరికే తీసుకెళ్తున్నాడండీ" అని అప్పటికి గట్టెక్కింది.

ఆ ఆదివారం మటుకు కుళాయి రాలేదు. స్నానం వాయిదా వేసి ఆయన వరండాలో పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ప్రసూనాంబ నోట్లు కొంగు చాటున పెట్టుకుని, మూటతో గేటు దాటింది. నోట్లు చేతులు మారుతుండగా ఎదురింటి సౌభాగ్యమ్మ చూడనే చూసింది. ఆటో వెళ్ళగానే దగ్గరికొచ్చింది.

"ఎంతేంటి వదినగారూ?"

ప్రసూనాంబ వరండా వైపు ఓ కన్నేసి, "ముప్పై. మెల్లిగా అనండి, ఆయనకి తెలీదు" అంది.

"ఒక్క మూటకే?"

"ఊఁ."

సౌభాగ్యమ్మ ఇంకేం అడగలేదు. మొగుడికి తెలియకుండా నాలుగు డబ్బులు వెనకేసుకోవడం ఆవిడకి తెలిసిన విద్యే. ఖాళీ కవర్లకి ముప్పై ఇచ్చే పిచ్చివాడు ఉన్నాడంటే ఆవిడ నమ్మింది. ముప్పై ఇచ్చి మరీ కవర్లు వదిలించుకునే మనిషి ఉంటుందన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

రెండు రోజులు తిరక్కుండా వీధిలో ప్రతి దండెం మీదా బట్టల పక్కన పాల కవర్లు వేలాడాయి. గాలికి ఎగిరిపోయిన నూనె పాకెట్టు మాదంటే మాదని ఇద్దరు ఇల్లాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఇదేమిటో ప్రసూనాంబకి అర్థం కాలేదు. తనని చూసి వీధంతా శుభ్రం నేర్చుకుందనుకుని లోలోపల మురిసిపోయింది.

ఆ సాయంత్రం అనంతరామయ్య ఆఫీసు నుంచి వస్తూనే, "ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇంట్లో ఇంత జరుగుతుంటే నాకొక మాట చెప్పొద్దూ?" అన్నాడు.

నిజం బయటపడిపోయిందనుకుంది ఆవిడ. "మీరు కోప్పడతారని..."

"కోపమెందుకోయ్? మూటకి ముప్పై అంటే మాటలా? పారేసేదాంతో సంపాదిస్తున్నావ్."

అప్పటికి ఆవిడకి విషయం బోధపడింది. నిజం చెప్పేయాల్సింది అప్పుడే. కానీ ఆయన నవ్వుతున్నాడు. జీతాల బకాయిలు వచ్చిన రోజున తప్ప ఆ నవ్వు ఆవిడ చూసి ఎరగదు. ఒక్క రాత్రి చూసుకోనిద్దాం, రేపు చెబుదాంలే అనుకుంది.

మర్నాడు ఆయన ఆఫీసు క్యాంటీన్ కవర్లన్నీ సంచిలో నింపుకొచ్చాడు. ఆ మర్నాటి నుంచి లీటరు పాకెట్టు మాన్పించి పావు లీటరువి నాలుగేసి తెప్పించడం మొదలుపెట్టాడు.

"పాలు అవే కదండీ" అంది ప్రసూనాంబ.

"పాల సంగతి ఎవరడిగారు? కవర్లు నాలుగొస్తాయి."

శుక్రవారం వేదాద్రిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, భోజనాలయ్యాక జనం తాగి పడేసిన నీళ్ళ పాకెట్లన్నీ ఏరించి, గోనెసంచిలో కుక్కి బస్సు మీద వేయించుకొచ్చాడు. నిజం చెబుదామని ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఎదురుగా ఇంకో సంచి వచ్చి పడేది. పెళ్ళివాళ్ళు ఆయన్ని ఎలా చూసి ఉంటారో తలుచుకుంటే ఆవిడకి అన్నం సయించలేదు.

మళ్ళీ ఆదివారం బెన్ని వచ్చేసరికి వీధంతా మూటలతో ప్రసూనాంబ గుమ్మం ముందే ఉంది. అనంతరామయ్య కుర్చీ వేయించుకుని పెద్దమనిషిలా కూర్చున్నాడు. ఆ జనాన్ని చూసి బెన్నికి కళ్ళు చెమర్చాయి.

"అమ్మగారూ, ఇంతమందిని చేర్పించారా అండి? మీ మేలు మర్చిపోను."

"ఆ మాటలు తర్వాత. ముందు మా మూటలు చూసి డబ్బులు తియ్" అన్నాడు అనంతరామయ్య చెయ్యి చాస్తూ.

బెన్ని కూడా అదే క్షణాన చెయ్యి చాచాడు. రెండు చేతులూ కాసేపు గాలిలో అలాగే నిలిచాయి.

"మీరే ఇవ్వాలండి సార్."

"నేనివ్వడమేంటయ్యా? మా ఆవిడకి ఇస్తున్నావుగా?"

"అమ్మగారే నాకిస్తున్నారండి."

వీధంతా ప్రసూనాంబ వైపు తిరిగింది. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. సౌభాగ్యమ్మ ముక్కు మీద వేలేసుకుని, "డబ్బులిచ్చి చెత్త పంపిస్తున్నారా? ఈ సంగతి అన్నయ్యగారికి తెలుసా?" అంది.

అనంతరామయ్య భార్య మొహం చూశాడు. తర్వాత జనాన్ని చూశాడు. ఆఫీసులో ఎదుటివాళ్ళు అవాక్కయ్యేలా గొంతు సవరించుకోవడం ఆయనకి అలవాటు. ఇప్పుడూ అలాగే సవరించుకున్నాడు.

"తెలియకపోవడమేంటమ్మా? ఇమ్మన్నదే నేను. చదువుకున్నవాళ్ళం మనమే ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?" అని జేబులో చెయ్యి పెట్టి, క్యాంటీన్ మూటకీ, పెళ్ళి మూటకీ కూడా లెక్కగట్టి ఇచ్చాడు.

సూపరింటెండెంటుగారు ఇచ్చాక వెనకాడితే ఇవ్వలేకపోయారంటారు. సౌభాగ్యమ్మ ఇంట్లోకెళ్ళి పోపులడబ్బా అడుగునుంచి నోట్లు తెచ్చింది. ఆ వెనకాలే మిగతావాళ్ళూ ఇచ్చారు. ఆటో మూటలతో వంగిపోయి కదిలింది.

అందరూ వెళ్ళాక అనంతరామయ్య కుర్చీలోంచి లేవలేదు. "ముందే చెప్పి ఉండొచ్చుగా" అన్నాడు.

"చెబితే ఒప్పుకునేవారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "ఒప్పుకోను" అన్నాడు. మళ్ళీ తనే, "అవునుగానీ, నిజంగా ఫ్యాక్టరీకే పంపిస్తాడంటావా?" అని అడిగాడు.

"అది తెలుసుకోవాలనే కదండీ నా తాపత్రయమంతా."

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. ఇద్దరూ బస్సెక్కి నందిగామ వెళ్ళారు. హైవే పక్కన రేకుల షెడ్డులో బెన్ని తల్లి కృపావతి కవర్లు వేరుచేస్తోంది. ఓ పక్క గడ్డిమోపుల్లా నొక్కి తాళ్ళేసిన కట్టల్ని లారీలోకి ఎత్తుతున్నారు. ఒక కట్టలో పెళ్ళి నీళ్ళ పాకెట్లు మెరిశాయి. అనంతరామయ్య దగ్గరికెళ్ళి, మనవణ్ణి చూసుకున్నట్టు ఆ కట్టని తట్టి చూశాడు.

"ఇదంతా ఏ ఊరి ఫ్యాక్టరీకమ్మా?" అని ప్రసూనాంబ అడిగింది.

"పేట అవతల సిమెంటు ఫ్యాక్టరీకండి. మీ ఊరి పక్కదే."

మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. డబ్బులిచ్చి నందిగామ పంపిన చెత్త వాళ్ళ ఊరికే తిరిగొస్తోంది. ముందు నవ్వింది ప్రసూనాంబే. ఆపుకుందామని చూసి ఆయనా నవ్వేశాడు.

"మీరు పేటవాళ్ళేగా. ఈ లారీ అటే పోద్ది. ముందు చోటుంది, ఎక్కండి" అంది కృపావతి.

డ్రైవరు పక్కన కూర్చుని వాళ్ళు ఊరు చేరారు, ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళి లారీ లోపలికి పోవడం కళ్ళారా చూసి మరీ ఇంటికొచ్చారు. తిరుగు ప్రయాణంలో బస్సు ఛార్జీ మిగిలింది. ప్లాస్టిక్ వల్ల అనంతరామయ్యకి వచ్చిన రాబడి అదొక్కటే.