తవిటమ్మ వదనదుర్గ భంజనం

తణికాచలవాసుడైన కుమారస్వామికి సుప్రభాతమైనా పాడని వేళ, స్టేషను ముంగిట ఇడ్లీకుండల ఆవిరి హోమధూమమువలె ఆకసమున కెగయగా, అరక్కోణం మీదుగా పోవు ఎలక్ట్రిక్ రైలు శంఖారావమువలె కూతపెట్టగా, తిరుత్తణి నేతవీధి వీరవనిత, సత్యవాక్పరిపాలనాధురంధర మధుమిత, నాలుగేళ్ల కూతురిని చంకనెత్తి, అత్త వళ్ళియమ్మ వెన్నుకాయగా, తిరువళ్ళూరు ల్యాబుపై దండయాత్రకు వెడలెను.

ఈ యుద్ధమునకు మూలము తవుడు.

రెండు కాన్పులు నిలువక మూడవసారి పుట్టిన ఆ ఆడశిశువును, యముని కన్నుగప్పుటకై, వళ్ళియమ్మ పురిటినాడే పక్కింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొన్నది. అంత చవకబేరపు సరుకును యముడు ముట్టడని మనవారి ధీమా. పేరు నివేదయే గాని, వాడుక మాత్రం తవిటమ్మ. చెన్నై వీసా ఇంటర్వ్యూలో అధికారిణి "నివేదా" అని ఎంత పిలిచినా పిల్ల పలుకలేదు. ఎందుకని అడిగితే అబద్ధమెరుగని మధుమిత, "తవిటికి కొన్న బిడ్డ మేడం, తవిటమ్మ అంటేనే పలుకుతుంది" అని విన్నవించెను. 'కొన్న' అను మాట చెవిని పడగానే ఆవిడ కలము ఆగినది. జర్మనీలో లారీలు బాగుచేయు పెనిమిటి నందకుమార్ చెంతకు ఆలుబిడ్డలు చేరుట, ఆ పిల్ల వారి పిల్లయేనని డీఎన్ఏ పరీక్ష తేల్చువరకు నిలిచిపోయినది. పరీక్షకై తండ్రి తన చెక్కిలి లోపలి తడిని దూదిపుల్లకు అక్కడే సమర్పించుకొన్నాడు. ఇక్కడి తడికి గడువు ఆనాటితో సరి.

పరీక్షకు గంట ముందునుండి పిల్ల నోట ఏమీ పడరాదని ల్యాబువారి ఆన. మధుమిత దానిని అత్తకు చెప్పగా, అత్త మనవరాలికి మూడింతలు చేసి చెప్పెను: "నోరు తెరిచినావంటే విమానం యెక్కనియ్యరు, చూసుకో." నాయనను ఫోనులో తప్ప ఎరుగని ఆ పసిది విమానము మాట వినినదే తడవుగా పెదవులు బిగించినది. ఆ బిగువు తిరువళ్ళూరులో దిగినా సడలలేదు.

ల్యాబు సేనాని దండపాణి, ధవళాంబరధారి, నీలహస్తకవచుడు, ముందు మధుమిత చెక్కిలిలో దూదిపుల్ల తిప్పి, రెండవ పుల్లను ఖడ్గమువలె ఎత్తి పిల్లపై నడిచెను. చెల్లం, బంగారం అన్నాడు, చాక్లెట్టన్నాడు. వదనదుర్గ మహాద్వారము కదలలేదు. తన ఆజ్ఞ రైలువరకేనని వళ్ళియమ్మ బతిమాలినది. పిల్ల చేతిని విమానముగా ఎగురవేసి చూపి, కాదని తల అడ్డముగా ఊపినది. అవ్వ మొదటి మాటే మాట.

అంతట మధుమిత నడుము బిగించి గంభీరస్వరమున పలికెను: "తవిటీ, నిన్ను మోసిన ఈ కడుపు సాక్షి, నువ్వు తన్నిన ఈ డొక్క సాక్షి, సంగటి లేక బ్రెడ్డు నములుతా ఉండే మీ నాయన సాక్షి, రవ్వంత దూదికి దారి ఇయ్యవే."

దుర్గము ఉలుకలేదు.

"మూసిన నోట్లో నేనేం తీసేదమ్మా," అన్నాడు దండపాణి. "కిట్టు ఇదొకటే. దీన్ని తీసుకపోయే పార్శిలు బండి వచ్చేస్తాది."

చివరి వ్యూహముగా అందరును నోళ్లు తెరచి చూపిరి. దండపాణి తెరచెను, వళ్ళియమ్మ తెరచెను, షుగరు పరీక్షకై పరగడుపున కూర్చున్న ఆదిమూలం పళ్లసెట్టు తీసి మరీ తెరచెను. కాకిగూటి పిల్లలవలె ల్యాబంతయు నోళ్లై నిలువగా, తెరువవలసిన నోరొక్కటే మూసియుండెను.

బయట పార్శిలు బండి హారను మ్రోగెను. మధుమిత ఓడినదై కుర్చీలో కూలబడి, పిల్లను ఒడిలోకి లాగుకొనెను.

అప్పుడు, ఏ గురువును ఉపదేశింపనిది, ఏ మంత్రమును అక్కరలేనిది, జృంభణాస్త్రము ఆమె గుండెలోతునుండి తనంత తానే లేచెను. దవడలు విడివడెను, కన్నులు మూతపడెను, చెవులు గింగురుమనెను. ఆ మహావులింతకు వళ్ళియమ్మ వేళ్లు అలవాటుగా చిటికె వేసెను. తల్లి ముఖమునే చూచుచున్న తవిటమ్మ గడ్డము వణికెను, ముక్కుపుటము లదిరెను, ఆపబోయినది, ఆగలేదు, ఆ కోటతలుపులు రెండును కొండనాలుక కనబడునంతగా తెరచుకొనెను. దండపాణి దూకెను. కుడిచెక్కిలి, ఎడమచెక్కిలి, సమాప్తము.

"తల్లికీ బిడ్డకీ ఆవులింత ఒకటే అచ్చు," అన్నాడతడు కవరు అతికించుచు. "ఇంక రిపోర్టు యెందుకమ్మా?"

ఆ క్షణముననే ఏ చుట్టరికమును లేని ఆదిమూలం సైతము ఆవులించెను. దానిని సాక్ష్యముగా ఎవరును స్వీకరించలేదు.

ఈ విధముగా తిరువళ్ళూరు రణరంగమున, సకలజనులు నోళ్లు తెరచి చూచుచుండగా, శనగగింజంత దూది తడిసినది; తడిసిన దూది బండియెక్కినది; మధుమిత జయించినది.