చుట్టి ఉంచిన సగం

ఇంతవరకు ఎవరూ పట్టించుకోని పన్నెండు మంది మహిళా కళాకారుల్ని ప్రభుత్వం పట్టించుకుని తీరుతుందని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించారు. ముహూర్తం కూడా చెప్పేశారు: వచ్చే నెల పదో తారీఖు, ఉదయం పదకొండింటికి. అంత కచ్చితంగా టైము పెట్టుకుని ఆడవాళ్ళని పట్టించుకున్న ప్రభుత్వం ఇంకెక్కడా లేదు.

గోడక్క ఆ వార్త రెండుసార్లు చదివింది. ఇరవై రెండేళ్ళుగా ఆమెది ఒకటే పని. ఇళ్ళు ఊడ్చేవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు, ఊరు దూరం పెట్టినవాళ్ళు, ఏ ఆడది బొమ్మ వేసినా దాన్ని తగిలించడానికి ఒక గోడ కోసం కనబడ్డవాడితోనల్లా తగువు పెట్టుకోవడం. అలా వచ్చింది ఆ పేరు. ఆమెకంటూ ఉన్నది మెకానిక్ షెడ్డు పైన ఒక గది. అందులో పెద్ద గోడ పది అడుగులు.

ఇస్త్రీ పెద్దమ్మ వేసిన బొమ్మేమో ఇరవై అడుగులు. పాత దుప్పట్లు కలిపి కుట్టి వేసింది. ఎడమ చివర పొద్దున్నే మూటలు తెచ్చుకోవడం, కుడి చివర సాయంత్రం మడతలు అప్పజెప్పడం, నట్టనడుమ ఇస్త్రీపెట్టె పట్టుకుని తను. ఒంటిగది ఇంట్లో చుట్టుకుంటూ విప్పుకుంటూ వేసింది కాబట్టి వేసినామే మొత్తం చూడలేదు. గోడక్క కూడా తన గదిలో ఎడమ సగం గోడకి పరిచి, కుడి సగం చుట్టిపెట్టే చూపించింది. పెద్దమ్మకి ఒక కన్ను పోయింది, రెండోది పోయే దారిలో ఉంది.

"ఒక్కసారి మొత్తం చూపించవే."

"నేలమీద పరుస్తాలే పెద్దమ్మా."

"నలభై ఏళ్ళలో ఒక్క బట్ట నేలమీదేశానా నేను?"

ప్రభుత్వ గ్యాలరీ గోడ నలభై అడుగులు. గోడక్క దరఖాస్తు పట్టుకుని పరిగెత్తింది. డైరెక్టర్ గారు దాన్ని ఎంతో మర్యాదగా తిరిగిచ్చేశారు.

"ఇంతవరకు ఎక్కడా ప్రదర్శన జరగనివాళ్ళే నిర్లక్ష్యానికి గురైనట్టు లెక్క మేడమ్. మీ వాళ్ళందర్నీ మీరే ప్రదర్శించేశారు."

"మా గదికొచ్చేది నెలకి ముప్పై మంది సార్. అందులో సగం మంది బండి రిపేరయ్యేదాకా ఊసుపోక పైకొచ్చేవాళ్ళు."

"వచ్చారు కదా."

"మరి మీకు దొరికిందెవరు?"

"పదకొండు మంది తేలారు. మొదటివారు మంత్రిగారి సతీమణి."

"ఆవిణ్ణి నిర్లక్ష్యం చేసిందెవరండీ?"

"అందరూ. ఈ రోజుకీ ఒక్క గ్యాలరీ పిలిచిన పాపాన పోలేదు."

"ఆవిడ బొమ్మలు వేస్తారా?"

"పోయిన నెల నుంచి."

మిగతా పదిమందీ అంతే అన్యాయమైపోయినవాళ్ళు. ఆవిడ చెల్లెలు, కార్యదర్శిగారి అత్తగారు, డైరెక్టర్ గారి వదినగారు, అలా.

గోడక్క ఇంటికెళ్ళి అప్పీలు రాసింది. "కుడి సగాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. రెండు సగాలూ వేర్వేరు కృతులు. కావున కుడి సగం అర్హమైనది." రెండో వాక్యం అబద్ధమని ఆమెకి తెలుసు. ముందు గోడెక్కనీ, ఎక్కాక దించేదెవడో చూద్దాం అనుకుంది.

ఏడుగురు మగవాళ్ళ కమిటీ మూడుసార్లు కూర్చుని ఒప్పుకుంది. కుడి సగం ప్రదర్శించవచ్చును. ఎడమ సగం చుట్టి ఉంచవలెను.

"మళ్ళీ చుట్టడమేనా?" అంది పెద్దమ్మ.

"మంత్రి లోపలికి రాగానే ఆ సగానికి కట్టిన తాడు నేనే లాగేస్తా. నువ్వు ఎదురుగా నిలబడు."

పదో తారీఖు పదింటికి సెక్యూరిటీ ఆఫీసర్ గోడ దగ్గర ఆగాడు. "ఈ ఉబ్బేంటి?"

"బొమ్మలో సగం. చుట్టి ఉంది," అన్నారు డైరెక్టర్ గారు.

"విప్పండి. లోపల ఏముందో చూడాలి."

"విప్పితే ప్రదర్శించినట్టవుతుంది. రూలు ఒప్పుకోదు."

"విప్పకపోతే మంత్రిగారు రారు."

ఇద్దరూ బాధ్యత తెలిసినవాళ్ళు, కాసేపు ఆలోచించారు. తర్వాత డైరెక్టర్ గారు పళ్ళెంలో రిబ్బన్ కోసం పెట్టిన కత్తెర అందుకున్నారు.

గోడక్క అడ్డం పడింది. "సార్, అది ఒకే బొమ్మ."

ఆయన ఫైల్లోంచి ఆమె అప్పీలే తీసి, ఆమె సంతకం కిందే వేలు పెట్టి చూపించారు. "వేర్వేరు కృతులు అన్నారుగా మేడమ్."

నట్టనడుమ ఉన్న మనిషి మీదుగా, ఇస్త్రీపెట్టె మీదుగా కత్తెర సాఫీగా నడిచింది. ఎడమ సగంలో బాంబు లేదని తేలింది. కోశాక అది కొత్త కృతి అయింది కాబట్టి, కొత్తదానికి ప్రదర్శన చరిత్ర ఉండదు కాబట్టి, దాన్ని ఎదుటి గోడకి తగిలించారు. కృతికో కళాకారిణి లెక్కన లక్ష్యం పన్నెండు మంది, సాధించింది పదమూడు మంది.

పదకొండింటికి మంత్రిగారు వచ్చారు. హాలు మధ్యలో పెద్దమ్మ ఆ గోడకేసి ఒకసారి, ఈ గోడకేసి ఒకసారి తిరుగుతోంది. ఉన్న ఒక్క కంటికి ఒకసారికి ఒకటే అందుతోంది.

"ఈ అమ్మ ఎవరు?"

"ఈ రెండు బొమ్మలు వేసిన ఇద్దరిలో ఒకరు సర్," అన్నారు డైరెక్టర్ గారు.

"రెండో ఆవిడ రాలేదా?"

పెద్దమ్మే చెప్పింది. "తీరిక లేదు బాబూ దానికి. బట్టలు చాలా ఉన్నాయి."

మంత్రిగారి మనసు కరిగిపోయింది. వచ్చే ఏడాది పురస్కారం, ఇవాళ రాలేకపోయిన ఆ తల్లికేనని అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు హోరెత్తాయి. డైరెక్టర్ గారు పుస్తకం తెరిచి గోడక్క వైపు తిరిగారు.

"ఆవిడ పేరు చెప్పండి మేడమ్, రాసుకుంటాను."