పన్నెండు పాళ్ళలో ఎనిమిది

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. బాకీ అడగబోతే ఎదురైన మనిషి మొహంలా నల్లగా ముడుచుకుని, ఏ మాటా తేల్చకుండా వేలాడుతోంది.

దాన్ని చూస్తూ గుమ్మంలో నిలబడిన వడ్రంగిని అందరూ రేపు మేస్త్రి అంటారు. కుర్చీ అడిగినా, కిటికీ అడిగినా ఆయన నోట వచ్చే మొదటి మాట "రేపు". పనితనానికి మాత్రం వంక పెట్టేవాడు లేడు. ఆయన చేసిన కుర్చీ మూడు తరాలు నిలుస్తుంది. మొదటి తరం దాన్ని కళ్ళజూడకుండానే పోతుంది, అంతే.

ఇంటిని ఆనుకునే తండ్రినాటి కొట్టు. చెక్క నునుపు చేసే యంత్రం అప్పు మీద తెచ్చిందే, పైకప్పు అప్పు మీద వేసిందే. ఇప్పుడాయన మనసు కొత్త కోత యంత్రం మీద పడింది. అది వస్తే తన "రేపు" కాస్తా "ఇవాళ" అవుతుందని గట్టి నమ్మకం.

బ్యాంకు ఆఫీసరు ఆ నమ్మకానికి అడ్డుపుల్ల వేశాడు.

"మేస్త్రిగారూ, యంత్రాలూ, కలపా, కట్టడమూ కలిపి మీ కొట్టు ఆస్తి పది పాళ్ళనుకోండి. అందులో ఆరు పాళ్ళు ఏళ్ళ తరబడి తీర్చాల్సిన అప్పే. సగం దాటితే మావాళ్ళు కొత్త అప్పివ్వరు. ఓసారి వచ్చి, కళ్ళారా చూసి రాసుకుంటాను."

ఆ మాట ఇంట్లో చెబితే, బట్టలు కుట్టే భార్య సూది మీంచి చూపు ఎత్తకుండానే అంది. "అయితే ముందు ఆ ఆరు తగ్గించండి. కొట్టులో మనదంటూ ఉన్నది నాలుగు పాళ్ళే. అదీ జారిపోతే మీ నాన్న కొట్టుకు మీరే కూలికి వెళ్ళాలి."

"నీకు వ్యాపారం తెలీదు."

"తెలీదు. భయం తెలుసు."

మేస్త్రి రెండు రోజులు ఆలోచించాడు. ఆరును తగ్గించాలంటే అప్పు తీర్చాలి. ఆ దారి ఆయనకు రుచించలేదు. మరి పదినే పన్నెండు చేస్తే? పన్నెండులో ఆరు సరిగ్గా సగం!

అందుకే ఆఫీసరు వస్తానన్న ఆ ఉదయం, భార్య కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వీధి మలుపు తిరగ్గానే, నడుం బిగించాడు. భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు, అలమర ఒకదాని వెనక ఒకటి కొట్టులోకి చేరాయి. అన్నీ ఆయన చేతి పనే. ఒక్కొక్కదానికీ దారంతో వెల కాగితం కట్టాడు. మిగిలింది మంచం. దాని మీద అమ్మ.

"అమ్మా, కాస్త లే."

"ఎందుకురా?"

"మంచం ఆస్తిలోకి వస్తుంది."

"మరి నేను దేన్లోకి వస్తాన్రా?"

మేస్త్రి మంచం కోడుకు వెల కాగితం కట్టాడు. అమ్మ లేచి, మంచం వెనకే కొట్టులోకి నడిచి, మళ్ళీ దాని మీదే పడుకుంది.

ఆఫీసరు గొడుగు మడుస్తూ వచ్చాడు. బల్ల మీద అరచేత్తో రాసి తల ఊపాడు. అలమర తలుపు తీశాడు. నిండా చీరలు.

"ఇవేంటండీ?"

"ఎన్ని పడతాయో కొనేవాళ్ళకు తెలియాలి కదా సార్."

"ఈవిడ?"

"మంచం గట్టిదనం చూపించడానికి..."

"నేను వాడి అమ్మనయ్యా," అంది ముసలావిడ కళ్ళు తెరవకుండానే. "వెల మంచానికే."

ఆఫీసరు నవ్వాపుకుని లెక్క కట్టాడు. "పన్నెండు పాళ్ళు అవుతుంది. సగంలోనే ఉన్నారు."

అప్పుడు గుమ్మంలో ఖాళీ సంచితో భార్య కనబడింది. తన బల్లనూ, తన చీరలనూ, ఇరుగుపొరుగు వాళ్ళకైనా చూపించని అలమర లోపలి అరనూ చూసింది.

"రాసుకోండి బాబూ," అంది నెమ్మదిగా. "ఆస్తి రాస్తే అప్పు కూడా రాస్తారా?"

"తప్పకుండా అమ్మా."

"వీటికైన ఖర్చంతా నా కుట్టు డబ్బులతో పెట్టిందే. చేబదులుగా పుచ్చుకున్నారు. నిజమా కాదా, ఆయన్నే అడగండి."

మేస్త్రి నేల మీది చెక్కపొట్టు కేసి చూశాడు. "నిజమే. కానీ అది ఇంటి వ్యవహారం..."

"సామాను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంటిదే. ఇప్పుడు కొట్టుకొచ్చింది. సూది ఎటు పోతే దారం అటే కదండీ."

ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏడాదిలోగా తీర్చేదైతే ఈ లెక్కలోకి రాదు. ఎప్పుడిస్తానన్నారు?"

"రేపు," అంది భార్య. "పెళ్ళయిన కొత్తలో."

"అయితే ఇది దీర్ఘకాలపు అప్పే." ఆయన కలం మళ్ళీ కదిలింది. "ఆస్తికి రెండు పాళ్ళు కలిస్తే అప్పుకూ రెండు కలిశాయి. ఆస్తి పన్నెండు, అప్పు ఎనిమిది. మేస్త్రిగారూ, పదికి ఆరుగా ఉన్నది మూడింట రెండొంతులైంది. మీరేమీ మొయ్యకుండా ఉంటేనే ఇంతకంటే నయంగా ఉండేది."

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. ఆఫీసరే అన్నాడు. "ఉన్న అప్పు కొంత తీర్చి రండి, చూద్దాం. ఇలాంటి బల్ల నాకొకటి కావాలి. ఎప్పటికిస్తారు?"

మేస్త్రి నోరు తెరిచాడు. భార్య ఆయన కేసి చూసింది. నోరు మూసుకున్నాడు.

"ఇవాళే మొదలుపెడతాను సార్," అన్నాడు చివరికి. ఆ మాట ఆయనకే కొత్తగా వినబడింది.

ఆఫీసరు వెళ్ళగానే వాన పట్టుకుంది. తడిస్తే పాలిష్ పోతుందని సామాను కదల్చలేదు. భార్య ఇంట్లోంచి గిన్నెల మీద మూతలు పెట్టి, కొంగు కప్పి తెచ్చింది. కొట్టు మధ్య, చెక్కపొట్టు వాసనలో, ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

వడ్డించబోతూ ఆమె ఆగింది. మేస్త్రి కుర్చీకి వేలాడుతున్న వెల కాగితాన్ని విప్పి, ఆయన చొక్కా గుండీకి కట్టి, మిగిలిన దారాన్ని పళ్ళతో కొరికి తెంపింది.

అమ్మ మెడ చాచి ఆ వెల చదివింది. ఎక్కువేనన్నట్టు కనుబొమలెత్తి, తన కంచం ముందుకు జరుపుకుంది.

రేపు మేస్త్రి కాగితం విప్పుకోలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.