నరహరి మేష్టారి పచ్చ సంతకం

ఆ శుక్రవారం నరహరి మేష్టారి పథకం చిన్నదే. రెండిడ్లీలు తిని, తొమ్మిదిన్నరకల్లా కాలేజీకి చేరి, తనిఖీకొచ్చే ఆఫీసరు కంట పడాలి. ఖాళీగా ఉన్న ప్రిన్సిపాలు కుర్చీ ఎవరికివ్వాలో ఆయన ఇవాళే తేలుస్తాడు. ఆ కుర్చీ మీద ఆశతోనే మేష్టారు ఉద్దానంలోని ఆ మారుమూల ఊళ్ళో పన్నెండేళ్ళు ఎకనామిక్స్ చెప్పారు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పూచికపుల్లపాటి ఖాతరు చెయ్యలేదు.

చెప్పులేసుకుంటుంటే కొబ్బరి రైతు సన్యాసిరావు, కూతురి మార్కుల లిస్టు నకలుతో వచ్చాడు.

"మేస్టరుగారూ, తమరు గెజిటెడంట గదా! దీనిమీద పచ్చ సంతకం ఎట్టీండి బాబూ. పలాస ఎల్లొత్తే పూట పోతాది."

'అసలుతో సరిచూచితిని' అని రాసి, మేష్టారు ఆకుపచ్చ సిరాతో సంతకం గిలికారు. సన్యాసిరావు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. అంతే, అరగంటలో అరుగు నిండిపోయింది.

"ఈ జీడిపప్పు డబ్బా మీద ఎట్టీండి, బేరగాడు నోరెత్తడు," అన్నాడు పాండు.

"పిల్లా పిల్లడి జాతకాలు కుదిరాయని ఎట్టీ నాయనా. పంతులు సెప్తే ఇయ్యపురాలు నమ్మట్లేదు," అంది రత్నాలమ్మ.

ఇది తన పని కాదని మేష్టారికి తెలుసు. కానీ అంతమంది చేతులు కట్టుకుని నిలబడితే ఎంత చదువుకున్నవాడికైనా మతి నిలుస్తుందా? పెట్టేశారు.

"పదకొండైంది, కాలేజీకి ఎల్లరా?" అంది భార్య చంద్రకళ.

"ప్రజాసేవే!" అన్నారు మేష్టారు, తల ఎత్తకుండా.

చివరికి తన కాలేజీలోనే ఇంటరు చదివే ప్రవల్లిక, స్నేహితురాళ్ళతో వచ్చి కాగితాలు చాపింది.

"అసలుది కూడా తెచ్చాం సార్. ఓపాలి సదవండి."

"అక్కర్లేదమ్మా, మీ మొహాలే చెబుతున్నాయి!" అని టకటకా 'సరిచూచితిని' రాసి సంతకాలు చేసేశారు.

పన్నెండింటికి కాలేజీ చేరేసరికి ఆఫీసరు ముందు అవే కాగితాలు.

"మీరు క్లాసుకి రారనీ, వస్తే కునుకు తీస్తారనీ పిల్లల ఫిర్యాదు."

"అన్యాయమండీ! ఈ కాగితం నేను చూడనే లేదు!"

"'సరిచూచితిని' అని మీ చేత్తోనే రాశారే. చూసి పెట్టారా, చూడకుండా పెట్టారా?"

మేష్టారు గుమ్మం వైపు చూశారు. అక్కడ ప్రవల్లిక బిక్కమొహం వేసింది.

"గెజిటెడ్ సంతకం ఉంటేనే ఫిర్యాదు తీసుకుంటామని తనిఖీ నోటీసులో ఉంది సార్. ఊళ్ళో తమరు తప్ప ఇంకెవరున్నారు?"

కుర్చీ బోటనీ సూర్యారావుకి పోయింది. ఊళ్ళో తలెలా ఎత్తుకు తిరగాలా అని మేష్టారు రాత్రంతా కుమిలిపోయారు. తెల్లారి తలుపు తీస్తే జనం వీధి మలుపు దాకా ఉన్నారు.

"తన మీద పితూరీకే నిజమని సంతకం ఎట్టీసినోడు, అబద్దానికి ఎడతాడేటి? దేముడు!" అంటున్నాడు సన్యాసిరావు.

ఆ రోజు నుంచీ మేష్టారు సంతకానికి ముందు కాగితం చదవడం మొదలుపెట్టారు.