పిల్లి పట్టీ విప్పించిన పెద్దమనుషులు

మినోహరా రోడ్డుపక్క మజిలీ నిర్వాహకులారా, గోమా పారిపోయిన నేరం మీది. పిల్లిది కాదు, డప్పులదీ కాదు. మీది. ఇక కథ వినండి. మధ్యలో లేచి వంగి వంగి క్షమాపణలు చెప్పకండి.

చిజురు గారు రిటైరయ్యాక మంచం, పొయ్యి ఉన్న చిన్న మోటార్‌హోమ్ కొనుక్కుని, నువ్వులు చల్లినట్టు మచ్చలున్న తన పిల్లి గోమాతో సముద్రతీరం వెంట తిరుగుతున్నారు. గోమా రోజంతా కిటికీ అద్దానికి ముక్కు ఆనించి గడ్డిని చూసేది. ఆ చూపు భరించలేక చిజురు గారు దానికి ఒంటి పట్టీ అలవాటు చేశారు. మొదట బండి లోపల, తర్వాత గుమ్మం దగ్గర. పట్టీకి తాడు, మెడలో ఫోన్ నంబరు బిళ్ళ, భయమేస్తే దూరడానికి పక్కనే తలుపు తీసిన బుట్ట. ఎండుచేప ముక్కల డబ్బా గలగలలాడిస్తే ఎక్కడున్నా రావడం కూడా నేర్పారు. ఇంత చేసి ఆవిడ కోరిందల్లా మజిలీలో బండి పక్కన కాస్త గడ్డి.

మజిలీ అధికారి సెగావా గారు నడుము వంచుకునే వచ్చారు.

"మిమ్మల్ని చాలా ఇబ్బంది పెడుతున్నానండి. పిల్లిని లోపల పెట్టగలరా?"

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఇంతవరకూ ఎవరూ అనలేదండి."

"మరి?"

"అంటారేమోనని."

పక్క బండి మెట్టు మీద నూడుల్స్ జుర్రుకుంటున్న హత్తోరి గారు తలెత్తారు. "ఆ అనేవాడు వస్తే నా దగ్గరికోసారి పంపండి సెగావా గారూ. పుట్టినప్పట్నుంచీ వాడికి భయపడుతూనే ఉన్నా, మొహం మాత్రం చూళ్ళేదు."

సాయంత్రానికి బోర్డు వెలిసింది. పిల్లులంటే గిట్టనివారు భవిష్యత్తులో రాగల అవకాశం ఉన్నందున పిల్లులు బయట కూర్చోరాదు. ఆ బోర్డుకు ఇటుపక్క కొట్లో పిల్లి ఆకారపు తీపి బన్నులు వేడివేడిగా అమ్ముడుపోతున్నాయి. అటుపక్క ఊరి చిహ్నమైన బొచ్చు పిల్లి వేషగాడు పిల్లలకు చేతులూపుతున్నాడు. వేషం లోపల దారి కనపడదు గనుక అతని చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక ఉద్యోగి, గొడుగు పట్టడానికి మరొక ఉద్యోగి. భద్రత విషయంలో మజిలీ వారిని వేలెత్తి చూపలేం.

అయితే మన దేశంలో భుజాన పట్టు పట్టా వేస్తే తొలగని నిషేధం లేదు. పండగలప్పుడు ప్రముఖులకు ఇచ్చే ఒక్కరోజు అధికారి పదవి అందుకే ఉంది. పాటలు పాడే అమ్మాయి ఒక్కరోజు పోలీసు అధికారి అవుతుంది, దొంగలూ ఏమీ అనుకోరు. మజిలీ పండక్కి ఆ పదవి కోసం పిలిచిన గాయని గొంతు పోయిందని కబురు చేసింది. సెగావా గారి కన్ను గోమా మీద పడింది.

"ఒక్కరోజు మజిలీ అధికారిగా గోమా గారు పచ్చిక మీద ఎంతసేపైనా కూర్చోవచ్చండి."

"తాడు ఉంటుంది కదా?"

"తప్పకుండా."

పండగ రోజు గోమాకు పదవి పేరు రాసిన పట్టు పట్టా వేసి, పురాధ్యక్షుల వారు ప్రసంగించారు. "గోమా గారి దూరదృష్టితో, దృఢమైన నాయకత్వంతో మన మజిలీ జాతికే దారి చూపుతుంది." గోమా పంజా నాక్కుంది. చప్పట్లు. అప్పుడు మజిలీ నిర్వాహక సంఘం వారికి తట్టింది, అధికారికి తాడేమిటని.

"ఒక్క ఫోటో కోసం. పట్టీ విప్పితే చాలు."

"రోడ్డు పక్కనే ఉందండీ. వద్దు."

సంఘం మొత్తం ఒక్కసారి నడుం వంచింది. వెనక వరసలో జనం. అందరూ తమ బూట్ల వైపు చూశారు. అన్ని వంగిన నడుముల బరువు మోయలేక చిజురు గారు పట్టీ విప్పారు. వెంటనే స్వాగత డప్పులు మోగాయి.

గోమా పట్టాతో సహా, పక్కన ఆగి ఉన్న లారీల కిందికి దూసుకుపోయింది. ఆవల హైవే. వెతకమని ఎవరు ఆజ్ఞాపించాలనే చర్చ మొదలైంది. సెగావా గారు కళ్ళనీళ్ళ పర్యంతమై, "ఇవాళ అధికారం నాది కాదండి," అన్నారు. నిబంధన ప్రకారం ఆజ్ఞాపించాల్సింది గోమాయే.

"డప్పులాపండి," అని చిజురు గారు అరిచారు. ఆవిడ అరవడం ఎవరూ వినలేదు అంతకుముందు. హత్తోరి గారు వెళ్ళి పెద్ద డప్పును కౌగిలించుకున్నారు. మోత ఆగింది. ఆవిడ చేపల డబ్బా గలగలలాడించారు. ఆగారు. మళ్ళీ ఆడించారు. చివరి లారీ చక్రం వెనకనుంచి, పట్టా ఈడ్చుకుంటూ అధికారి గారు తీరిగ్గా వచ్చి బుట్టలో కూర్చున్నారు. చిజురు గారు అక్కడే నేల మీద కూలబడి, పట్టీ బిగిస్తూ, "ఇంకెప్పుడూ విప్పనే తల్లీ," అన్నారు.

మర్నాడు రెండో బోర్డు వెలిసింది. ఒక్కరోజు అధికారులు పదవీకాలంలో పారిపోరాదు.

ఆ రెండు బోర్డులూ ఇవాళే పీకండి. ఆ చోట గడ్డి చుట్టూ చిన్న కంచె కట్టి, నీడ వెయ్యండి. పట్టీ వేసుకున్న పిల్లిని పట్టీతోనే ఉండనివ్వండి. ఇక బూట్ల వైపు చూసినవారలారా, మీలో ఏదో అనేవాడు ఉంటే ఇప్పుడు చెయ్యెత్తండి. ఎవరూ లేరా? అయితే పక్కకు జరగండి. గోమా బయటికి రావాలి.