పిలిచే పిల్లి

ఆ ఉదయం లోహిత్ పెట్టుకున్న పని ఒక్కటే: పిల్లిని ఆరబెట్టడం. సాయంత్రం ఒగావా మేడమ్ వచ్చేసరికి అది పొడిగా, తెల్లగా, కళగా కూర్చుని ఉండాలి. ఆవిడ కెనడాలోని ఒషావాలో జపాన్ నూడుల్స్ హోటల్ తెరవబోతోంది. ఎడమ చెయ్యెత్తి గిరాకీని పిలిచే అదృష్టపు పిల్లి గుమ్మంలో ఉండాలని ఆవిడ పట్టు. "చక్కగా చేసి పెట్టు, కౌంటర్లో పని సంగతి అప్పుడు చూద్దాం" అంది. కాలేజీలో చేరినప్పటి నుంచి పార్ట్‌టైమ్ కోసం ఊరంతా తిరిగి అరిగిపోయిన లోహిత్‌కు ఆ మాట చాలు.

వాళ్ళ నాయనమ్మ పాత కాగితాలు నానేసి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో తట్టలు మెత్తేది. అతనూ అదే పద్ధతిలో, ఇంటికొచ్చే సేల్ ఫ్లయర్లన్నీ నానేసి, బెలూన్ మీద పిల్లిని మెత్తాడు. తను అద్దెకుండే బేస్‌మెంట్ చెమ్మకు అది ఎంతకీ ఆరలేదు. పైన ఉండే ఇంటి ఓనర్ భార్య కమలకుమారి జాలిపడింది.

"మా ముందు కిటికీలో పెట్టు నాయనా, ఎండ తగులుతుంది. అంకుల్ వచ్చేలోగా తీసెయ్. పిల్లి ఎదురైతే ఆయన వేసిన అడుగు వెనక్కి తీసుకునే రకం."

పిల్లి కిటికీలో కూర్చుని వీధిని పిలవసాగింది.

మొదట పిలుపందుకున్నవాడు అచ్యుత్, రెజ్యూమేల కట్ట పట్టుకుని మంచులో పోతున్న కొత్త స్టూడెంట్. బెల్ కొట్టాడు.

"అన్నా, కిటికీలో హోటల్ పిల్లి ఉంది, రెస్టారెంట్ పెడుతున్నారా? హైరింగ్ ఉందా?"

"ఇది ఇల్లు తమ్మీ. పిల్లిని ఆరబెట్టినం, అంతే."

"పిల్లి ఎవరిదన్నా?"

"హోటల్ మేడమ్‌ది. నాలుగింటికి ఆమెనే వచ్చి తీస్కపోతది" అని తలుపేశాడు లోహిత్.

చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కొంప మునిగింది అందుకే. కాసేపట్లో స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో వార్త పడింది: కొత్త హోటల్, నాలుగింటికి ఓనరే స్వయంగా, రెజ్యూమే తప్పనిసరి. నల్ల చొక్కా వేసుకోవాలని ఎవరో చేర్చారు. మూడు కాకముందే మెట్ల దగ్గర మొదలైన లైను వీధి మలుపు తిరిగింది.

లోహిత్ బయటికొచ్చి మొత్తుకున్నాడు. "ఇక్కడ జాబ్ లేదు, పొండ్రి!"

"లేకపోతే పిల్లినెందుకు పెట్టారు?"

"నీ వాళ్ళకి ఇప్పించుకుందామనా బ్రో?" అంది వెనక నుంచి ఒకమ్మాయి.

కాదన్నకొద్దీ జనానికి నమ్మకం బలపడింది. పిల్లలు చలికి బిగుసుకుపోతున్నారని కమలకుమారి టీ పంపింది. టీ కూడా ఇస్తున్నారు, మేనేజ్‌మెంట్ మంచిదేనని గ్రూపులో ఇంకో కబురు వెళ్ళింది.

ఇంతలో ఓనర్ వీరభద్రం కారు దిగి తన మెట్లు తాను ఎక్కబోయాడు.

"అంకుల్, లైన్‌లో రండి. మేమూ ఎప్పట్నుంచో నిలబడ్డాం."

"ఇది నా ఇల్లయ్యా!"

"అందరూ అలాగే చెప్తారంకుల్."

ఆయన కిటికీ వైపు చూశాడు. పిల్లి. వెనక్కి వెళ్ళి కారులో కూర్చుని, అద్దం దించి లోహిత్‌ను పిలిచాడు. "ఈ గుంపు గురించి ఎవరైనా సిటీ ఆఫీసుకు కంప్లైంట్ ఇచ్చారో, నీ సామాను రోడ్డు మీదుంటుంది."

లోహిత్ అక్కడ బతిమాలుతుండగానే ఇక్కడ ఒగావా మేడమ్ కారు దిగింది. లైనును చివరిదాకా చూసింది. కిటికీ ముందు నిలబడి, నడుం వంచి పిల్లికి దణ్ణం పెట్టింది. అది ఇంటర్వ్యూలో భాగమనుకుని లైనంతా వంగింది.

లోహిత్ పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"షాపు తెరవకముందే పిలిచింది" అంది ఇంగ్లీషులో. "మొదట వచ్చిందెవరు?"

అచ్యుత్ ముందుకొచ్చాడు. పిల్లి పిలిచిన మొదటి మనిషిని వట్టి చేతులతో పంపితే అరిష్టమని ఆవిడ నమ్మకం. కౌంటర్ పని అతనిదైంది.

"మేడమ్, మరి నేను?"

ఆవిడ అతని రెండు చేతులూ కళ్ళకద్దుకున్నంత పని చేసింది. "ఇంత ప్రాణం పోసినవాడివి, గురువుతో సమానం. నీ చేత బల్లలు తుడిపించనా?"

లైను చెదిరిపోయింది. వీరభద్రం దొడ్డిదారిన తన ఇంట్లోకి తాను వెళ్ళాడు. పిల్లిని మేడమ్ కారెక్కించి వచ్చిన అచ్యుత్ లోహిత్ భుజం మీద చెయ్యేశాడు.

"ఫీలవ్వకన్నా. అక్కడ ఇంకో పోస్ట్ పడితే ముందు నీకే చెప్తా. గ్రూపులో పెట్టను."